సుమ్‌హురం గుడిలో రాళ్ల దొంతులు

వ్యాన్ టికెట్ కౌంటర్ దాకా రాకముందే ముసల్లం చెయ్యెత్తి ఆపాడు. డ్రైవర్ వీరబ్రహ్మం అద్దం దించి సలాం చెప్పాడు. మనుషులు దిగుతుంటే ముసల్లం అతన్నొక్కడినే పక్కకు రమ్మన్నాడు.

ముసల్లం సుమ్‌హురం శిథిలాలకు కాపలాదారు. పక్కనున్న తాకా అతని ఊరు. భారతీయులతో కలిసి పనిచేసి హిందీ నేర్చుకున్నాడు. వీరబ్రహ్మం కడప జిల్లా మైదుకూరు మనిషి. ఒమాన్ వచ్చి పన్నెండేళ్లయింది. మస్కట్‌లోని అజైబాలో ఒక ట్రావెల్ కంపెనీకి వ్యాన్ నడుపుతాడు. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబర్ దాకా సలాలా వైపు తుంపర పడుతుంది, కొండల మీద గడ్డి మొలుస్తుంది. ఆ కాలంలో వారం విడిచి వారం, గురువారం డ్యూటీ దిగిన తెలుగువాళ్లను ఎక్కించుకుని వస్తాడు. ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి ఆడవాళ్లు వస్తారు. సైట్లలో పనిచేసే జగిత్యాల, నిర్మల్ మగవాళ్లు వస్తారు. జలపాతం, సముద్రం చూపించాక ఆఖరున ఇక్కడికి తెస్తాడు. దీన్ని రోమన్ గుడి అంటాడు. అలా అంటేనే జనం వ్యాన్ దిగుతారు.

ముసల్లం ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. గుడి గదిలో తొట్టి పక్కన ఒక రాళ్ల దొంతి. గోడ మూల ఇంకొకటి. మెట్టు మీద మరొకటి. కింద పెద్ద రాయి, దాని మీద అంతకన్నా చిన్నది, ఆ పైన ఇంకా చిన్నది. గాలికో మేకలకో అలా అమరవు. ఎవరో కూర్చుని పేర్చారు.

మూడూ నీ వ్యాన్ వచ్చి వెళ్లిన రోజుల్లోనే కనిపించాయి అన్నాడు ముసల్లం. జర్మన్లు వచ్చినప్పుడు లేవు, మలయాళీలు వచ్చినప్పుడు లేవు. పోయినేడు ఎవరో ఖోర్ వైపు, అంటే కింద నీటిపాయ వైపు, కంచె కోశారు. రాత్రి పాతకాలం వస్తువుల కోసం వచ్చేవాడికి ఎక్కడ తవ్వాలో పగలు వచ్చినవాడు గుర్తు పెట్టి వెళ్తున్నాడని అతని అనుమానం. మొదటి రెండుసార్లు తనే తీసి పారేశాడు. మూడోసారి పై ఆఫీసర్‌కు చెప్పాడు.

"ఇవాళ ఇంకొకటి కనిపిస్తే నీ వ్యాన్ నంబర్ పోలీసులకి వెళ్తుంది. నాకు నీ మీద కోపం లేదు. కానీ నీ మనుషుల్లో ఎవడో ఉన్నాడు," అన్నాడు.

పోలీసుల పేరు వినగానే వీరబ్రహ్మానికి తన ముదీర్ గుర్తొచ్చాడు. ముదీర్ అంటే కంపెనీ మేనేజర్. ఏప్రిల్‌లో ఒక డ్రైవర్ కేసులో ఇరుక్కుంటే ముదీర్ మిగతా డ్రైవర్లందరినీ నిలబెట్టి ఒకే మాట చెప్పాడు. ఎవరి కోసమైనా పోలీసు తన ఆఫీసు మెట్లెక్కితే ఆ రోజే వాళ్ల వీసా క్యాన్సిల్. ఆ డ్రైవర్ వారం తిరక్కుండా ఇండియా వెళ్లిపోయాడు. వీరబ్రహ్మానికి యాభై రెండేళ్లు. ఈ వయసులో కొత్తగా వీసా ఇచ్చే కంపెనీ లేదు. కొడుకు డిప్లొమా ఇంకా రెండేళ్లుంది.

అతను ముసల్లానికి మాటిచ్చాడు. తనే దగ్గరుండి చూసుకుంటానన్నాడు. తర్వాత వ్యాన్ వైపు తిరిగి, దిగుతున్నవాళ్లను ఒక్కొక్కరినీ చూశాడు.

ఎవరు? ట్రిప్పు ట్రిప్పుకూ జనం మారుతున్నారు. మొదటిసారి వచ్చినవాళ్లు రెండోసారి రాలేదు. అన్ని ట్రిప్పుల్లోనూ ఉన్నది ఒక్కడే. సురేందర్.

సురేందర్ జగిత్యాల జిల్లావాడు. సైట్‌లో షట్టరింగ్, అంటే సెంట్రింగ్ పని. లేబర్ క్యాంపుల్లో తిరిగి వ్యాన్‌కు మనుషుల్ని పోగుచేస్తాడు, అందుకని అతని సీటుకు టికెట్ లేదు. డ్రైవర్ పక్కన కూర్చుంటాడు, దారంతా మాట్లాడతాడు. ఇప్పుడు ఆలోచిస్తే వీరబ్రహ్మానికి ఇంకా కొన్ని గుర్తొచ్చాయి. సురేందర్ ఇక్కడ దిగాక గుంపుతో ఉండడు. బ్యాగు తగిలించుకుని ఖోర్ వైపు పోతాడు. తిరిగొచ్చేసరికి బూట్లకు బురద ఉంటుంది. పోయినసారి బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాడు, పైన పెట్టమంటే పెట్టలేదు. ఒకసారి ముసల్లాన్ని నేల కింద ఇంకా ఏమున్నాయని కూడా అడిగాడు.

ఇవన్నీ ముందూ చూసినవే. అప్పుడు వీటిలో ఏమీ కనిపించలేదు.

సురేందర్ టాయిలెట్‌కు వెళ్లాడు. బ్యాగు సీటు మీదే ఉంది. వీరబ్రహ్మం అటూ ఇటూ చూసి జిప్పు లాగాడు. లోపల పిడి కోసేసిన చిన్న పార ఉంది. పాలిథిన్ కవర్ల కట్ట ఉంది. నీళ్ల సీసా ఉంది. పార అంచుకు మట్టి ఎండి ఉంది. జిప్పు మూసి పక్కకు జరిగి నిలబడ్డాడు.

మామూలుగా అతను జనాన్ని కోట వాకిలి దాకా తీసుకెళ్లి, చెప్పాల్సింది చెప్పి, వ్యాన్‌లోకి వచ్చి కునుకు తీస్తాడు. ఆ రోజు వాళ్ల వెంటే నడిచాడు. ఇస్తారి అది గమనించాడు. ఇస్తారి గుంపులో పెద్దవాడు, గల్ఫ్‌లో ఇదే ఆఖరి ఏడాదని నాలుగేళ్లుగా చెబుతున్నాడు.

"ఏంది డ్రైవర్ సాబ్, నువ్వు గూడ మాతోని వస్తున్నవ్? టికెట్ పైసలు గిట్ట వాపస్ ఇస్తవా?"

నలుగురు నవ్వారు. వీరబ్రహ్మం నవ్వలేదు.

సుమ్‌హురం గుట్ట మీద ఉంది. కింద ఖోర్, సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. నీళ్లలో ఒంటెలు నిలబడి ఉన్నాయి. కోట గోడలు కొన్నిచోట్ల నడుము ఎత్తున, కొన్నిచోట్ల మనిషిని మించిన ఎత్తున మిగిలాయి. లోపలికి వెళ్లే దారి సూటిగా ఉండదు. రెండుసార్లు మలుపు తిరగాలి. ఆ దారి గోడ మీద రాతలు చెక్కి ఉన్నాయి. అరబ్బీ రాకముందు యెమెన్ వైపు వాడిన లిపి అది.

వీరబ్రహ్మం రాతల ముందు ఆగి చెప్పడం మొదలుపెట్టాడు. అతను చదువుకుని నేర్చింది కాదు. రెండేళ్ల కింద ఒక గైడు చెబుతుంటే విన్నాడు, మిగతాది బోర్డుల మీద చూశాడు. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో ఇది మొదలైంది. హద్రమౌత్ రాజు కట్టించాడు. ఈ కొండల మీద సాంబ్రాణి చెట్లున్నాయి. ఆ సాంబ్రాణి ఇక్కడికి తెచ్చి ఓడల్లో ఎక్కించేవాళ్లు. రోమ్ దాకా వెళ్లేది. మన దేశం నుంచి కూడా ఓడలు వచ్చేవి, మన వైపు కంచు బొమ్మ ఒకటి ఇక్కడే దొరికింది. ఐదో శతాబ్దం వచ్చేసరికి జనం ఊరు వదిలేసి పోయారు.

ఆ తర్వాత ఎప్పుడూ చెప్పే మాట చెప్పాడు. జనం వినేది ఇక్కడే.

"ఈ రాతలో ఏముందంటే, దూరంగా ఉండే ఊరి నుంచి రాజు పనోళ్లని ఇక్కడికి పంపించినాడంట. మన మాదిరే. వచ్చినప్పుడు ఇక్కడ నిలబడే దానికి నీడ ల్యా. వాళ్లే ఇళ్లు కట్టుకున్యారు, గుడి కట్టుకున్యారు. ఇది పని కోసరం వచ్చి ఇల్లు కట్టుకున్నోళ్ల గుడి."

చెబుతున్నంతసేపూ సురేందర్‌నే చూస్తున్నాడు. సురేందర్ రాతల్ని ఫోన్‌లో ఫొటో తీశాడు.

పెంచలమ్మ ముందుకు వచ్చింది. ఆమెది రాజంపేట దగ్గర పల్లె. అజైబాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. మూడేళ్లలో ఆ ఇంటి మేడమ్ ఆమెను బయట ఊళ్లు చూడటానికి పంపడం ఇదే మొదలు. పక్కన ఫర్జానా ఉంది. ఫర్జానాది రాయచోటి, ఆమె పనిచేసేది పక్కవీధిలో. పోయిన ట్రిప్పులో వచ్చింది, మళ్లీ వచ్చింది. పెంచలమ్మను తీసుకొచ్చింది ఆమే.

"అయితే వాళ్లందరికీ ఇండ్లు కుదిరినాయా అన్నా?" అని అడిగింది పెంచలమ్మ.

"కుదరకుండా ఈ గోడలు యాడ నుంచి వచ్చినాయమ్మా," అన్నాడు వీరబ్రహ్మం. కళ్లు సురేందర్ బ్యాగు మీద ఉన్నాయి.

గుడి కోట గోడను ఆనుకుని ఉంది. పైకప్పు లేదు. గోడలు నిలిచి ఉన్నాయి, మెట్లు ఉన్నాయి, కాళ్లూ చేతులూ కడుక్కునే రాతి తొట్టి ఉంది. సిన్ అనే దేవుడిది. హద్రమౌత్ వాళ్లకు చంద్రుడు. వీరబ్రహ్మం ఆ మాటలు చెప్పి, లోపల ఏదీ ముట్టుకోవద్దని రెండుసార్లు హెచ్చరించాడు. ఎప్పుడూ చెప్పని మాట అది. ఫర్జానా పెంచలమ్మ వైపు చూసింది. ఆ చూపు అతని కంటపడింది. కానీ అప్పటికే సురేందర్ గదిలో లేడు.

వీరబ్రహ్మం గబగబా బయటికి వచ్చాడు. గుట్ట దిగి, గేటు దాటి, కంచె పక్కన ఖోర్ గట్టుకు పోయే దారిలో సురేందర్ వీపు కనిపించింది. అతని వెంట వెళ్లాడు. వెనక ప్రయాణికులు ఒంటరిగా ఉన్నారని తెలుసు. అయినా వెళ్లాడు. దొంగ ముందు నడుస్తుంటే వెనకున్నవాళ్లతో ఏం భయం అనుకున్నాడు.

గట్టు పక్కన పొదల దగ్గర సురేందర్ గొంతుక్కూర్చున్నాడు. ఇటు వీపు పెట్టాడు. చేతులు కదులుతున్నాయి.

"ఏం చేస్తాండావ్ రా?"

సురేందర్ ఉలిక్కిపడి తల తిప్పాడు. "ఏం లేదన్నా. వస్తున్న పో."

"ఏం లేకుంటే బ్యాగులో పార ఏమిటికి?"

సురేందర్ లేచి నిలబడ్డాడు. పార అతని కాళ్ల వెనక గడ్డిలో ఉంది. వీరబ్రహ్మం నిలబడ్డ చోటికి అది కనిపించదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"పార ఉన్నదని నీకెవలు చెప్పిండ్రు?" అన్నాడు సురేందర్. "నా బ్యాగు తీసినవా?"

వీరబ్రహ్మం ఆ ప్రశ్న దాటేశాడు. మూడు ట్రిప్పుల్లో మూడు దొంతులు పెట్టావని, ఎవరికోసం గుర్తులు పెడుతున్నావో చెప్పమని, తన ఉద్యోగం పోతుందని వరసగా అన్నాడు. గొంతు పెరిగింది. అంతా అయ్యాక సురేందర్ వంగి ఒక కవరు తీసి చూపించాడు. కవరులో వేళ్లతో, మట్టితో సహా ఒక మొక్క ఉంది. పసుపు పూలు.

మస్కట్ దార్సైట్‌లో ఉండే కమలవ్వ అడిగిందన్నాడు. వచ్చే నెల బతుకమ్మ. మస్కట్‌లో గునుగు దొరకదు, తంగేడు దొరకదు. ఏటా బజారు పూలతోనే పేరుస్తున్నారు. ఇక్కడ తంగేడు వంటి మొక్క ఒకటి కనిపించిందని మొదటి ట్రిప్పులో నోరు జారాడు. అప్పటినుంచి ఆమె వదల్లేదు. తెచ్చిన మొక్కలు బాల్కనీలో పెయింటు డబ్బాల్లో పెట్టింది. రెండుసార్లు ఎండిపోయాయి. అందుకని ఈసారి మట్టి ఎక్కువ పట్టుకెళ్తున్నాడు.

"తవ్వుతుంటె ఎవలన్న చూస్తే పరేషాన్ అని చెప్పలే. గంతే," అన్నాడు. "నన్ను అడిగితే చెప్పకపోదునా? బ్యాగు తెరిచేదాక ఎందుకు పోయినవన్నా?"

వీరబ్రహ్మం మొక్కను చూశాడు. దీనికీ పర్మిషన్ ఉండాలి అన్నాడు. నమ్మాడా అంటే, పూర్తిగా నమ్మలేదు. పార, కవర్లు, మొక్క సరిపోయాయి. దొంతుల సంగతి మిగిలింది.

అప్పుడే గుట్ట మీద నుంచి ఈల వినిపించింది. ముసల్లం ఈల.

వాళ్లిద్దరూ పైకి వెళ్లేసరికి జనమంతా గుడి గదిలో ఒక గోడకు చేరి ఉన్నారు. ముసల్లం గుమ్మంలో నిలబడ్డాడు. తొట్టి పక్కన మెట్టు మీద ఐదు రాళ్ల దొంతి ఉంది. ఇస్తారి జోకులు ఆపేశాడు.

ఎవరు పెట్టారని ముసల్లం హిందీలో అడిగాడు. అతను వంగి, ముందు ఫొటో తీసి, రాళ్లను పై నుంచి ఒక్కొక్కటీ ఎత్తాడు. కింది నాలుగూ బూడిద రంగు కంకర. కార్లు ఆపే చోట రోడ్డు వేసినవాళ్లు పరిచిన కంకర అది. ముసల్లం వాటిని చూసి కొంచెం తగ్గాడు. పైదాన్ని మాత్రం మళ్లీ చేతిలోకి తీసుకుని వేలితో తుడిచాడు. అది రాయి కాదు. ఎర్ర మట్టి పెంకు. ఒక వైపు గీతలు తేలి ఉన్నాయి.

అతను వీరబ్రహ్మానికి దాన్ని చూపించాడు.

"నువ్వు రోమన్ గుడి అని చెబుతావంట కదా. గుడి రోమన్లది కాదు. వాళ్లు ఇక్కడికి సరుకు కొనడానికి వచ్చారు. ద్రాక్షసారా జాడీల్లో తెచ్చారు. రోమన్లది ఇక్కడ మిగిలింది ఈ జాడీ పెంకే."

ఇలాంటి పెంకు ఎక్కడ పడి ఉందో అక్కడే ఉండాలన్నాడు. ఏ పొరలో ఉంది, దేని పక్కన ఉంది అనేదాన్ని బట్టి తవ్వేవాళ్లు లెక్క కడతారు. చోటు మారితే అది వట్టి పెంకు.

మళ్లీ అడిగాడు. ఎవరు?

పెంచలమ్మకు హిందీ రాదు. వంటింటి అరబ్బీ తెలుసు. ముసల్లం చేతిలో తన రాళ్లు చూసి ఆమె వీరబ్రహ్మం దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో భయం లేదు.

"నేనే పెడ్తిని. ఏమి, పెట్టగూడదా? ఏమిటికి తీసేసినాడు ఆ మనిషి?"

ఎందుకు పెట్టావని వీరబ్రహ్మం అడిగాడు.

"ఇంటి కోసరం. మా పక్క కొండ మీద దేవళాల కాడ పెట్టరా? ఇల్లు కట్టుకోవాలని మొక్కుకుని ఒక రాయి మీద ఒక రాయి పేరుస్తారు గదా. మీ పక్క ల్యాదా?" ఆమె వేలు చూపించింది. "ఇది పని కోసరం వచ్చి ఇల్లు కట్టుకున్నోళ్ల గుడి అని నువ్వే చెప్తివి. వాళ్లకి కుదిరినాయా అంటే కుదిరినాయి అంటివి. నా ఇల్లు లింటల్ కాడ ఆగిపోయి రెండేండ్లాయ."

వీరబ్రహ్మానికి తెలుసు. మైదుకూరు వైపు కూడా పెడతారు. అతని తల్లి పెట్టింది. మూడు ఫొటోలు చూసినా అది అతనికి తట్టలేదు. పోలీసు అనే మాట విన్నాక దొంగ తప్ప ఇంకేమీ తట్టలేదు.

ఫర్జానా మెల్లిగా గొంతు విప్పింది. పోయినసారి మూల దొంతి పెట్టింది తనేనంది. పెట్టిన వారానికే స్లాబు పడిందని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఆ సంగతి పెంచలమ్మకు చెప్పింది. అంతకు ముందు పెట్టినవాళ్లెవరో తనకు చెప్పారు. పెంచలమ్మ వచ్చింది గుడి చూడటానికి కాదు, రాళ్లు పెట్టడానికే. దర్గాలో దారం కట్టినట్టే కదా, దీనికేం తప్పుందని అనుకుంది.

"ఆమె ఏమంటోంది?" అని అడిగాడు ముసల్లం.

గదిలో హిందీ బాగా వచ్చేది ఇద్దరికే, వీరబ్రహ్మానికి, ఫర్జానాకు. సురేందర్‌కు సగం వచ్చు. పెంచలమ్మ పేరు చెబితే వ్యాన్ మీద పడ్డ అనుమానం ఆమె మీదికి పోతుంది. ఆమె కార్డు తీసుకుంటారు, మేడమ్‌కు ఫోన్ వెళ్తుంది. లింటల్ దగ్గర ఆగిన ఇల్లు అక్కడే ఉంటుంది. ముదీర్ మాత్రం వీరబ్రహ్మాన్ని ఏమీ అనడు.

"నేనే పెట్టాను," అన్నాడు వీరబ్రహ్మం హిందీలో.

ఫర్జానా తలెత్తి చూసింది.

ముసల్లం తల అడ్డంగా ఊపాడు. "రెండేళ్లుగా వస్తున్నావు. ఎప్పుడూ వ్యాన్‌లో పడుకునేవాడివి. ఇవాళ లోపలికి వచ్చావు. అందుకని గోడ మీద నుంచి నిన్నే చూస్తున్నాను. నువ్వు ఖోర్ దగ్గర ఈ అబ్బాయితో పోట్లాడుతున్నావు. నువ్వు కాదు. అబద్ధం ఎందుకు చెబుతున్నావు?"

వీరబ్రహ్మం ఇక ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రాళ్లు పేర్చడం ఏమిటో చెప్పాడు. ఇల్లు కట్టుకున్నవాళ్ల గుడి అనే మాట తను కల్పించింది అని చెప్పాడు. రాతలో ఉన్నది వలస వచ్చి ఊరు కట్టారన్నంతవరకే. మిగతాది జనం వింటారని తను చేర్చాడు. పెట్టిన చేతులు మూడు ట్రిప్పుల్లో ఎన్నో ఉన్నాయి, చెప్పిన నోరు ఒక్కటే. రాయాల్సి వస్తే తన పేరు రాయమన్నాడు.

ముసల్లం నమ్మినట్టు కనిపించలేదు. ఫర్జానా వైపు తిరిగి ఇది నిజమేనా అని అడిగాడు. ఆమె అవునంది. తనూ ఒకటి పెట్టానంది. మా ఇంటికి స్లాబు పడింది అంది. స్లాబు అంటే ఏమిటని అడిగితే చెయ్యి తల మీద పెట్టి పైకప్పు చూపించింది.

"సొంత ఇల్లు కావాలని ఇంకొకళ్ల ఇంటి రాళ్లు తీస్తారా?" అన్నాడు ముసల్లం.

"లేదు భాయ్," అంది ఫర్జానా. "ఇక్కడివి తియ్యకూడదని ఆమెకు తెలుసు. అందుకనే రాళ్లు పార్కింగ్ దగ్గర ఏరుకుని సంచిలో వేసుకొచ్చింది. పైదొక్కటే ఇక్కడ తీసింది. చదునుగా ఉంది, నిలబడుతుందని."

ముసల్లం ఫోన్‌లో పాత ఫొటోలు మళ్లీ తీసి వేళ్లతో పెద్దవి చేసి చూశాడు. అన్నీ బూడిద రంగే. చాలాసేపు చూశాడు. తర్వాత పెంచలమ్మను పిలిచి, పెంకు ఎక్కడ తీసిందో చూపించమని సైగ చేశాడు. ఆమె గోడ అడుగున వానకు మట్టి కొట్టుకుపోయిన చోటు చూపించింది. ఇక్కడా, అక్కడా అని అడిగితే జానెడు అటూ ఇటూ చెయ్యి జరిపింది. ఖాయంగా చెప్పలేకపోయింది. ముసల్లం అక్కడ ఒక పుల్ల గుచ్చాడు. పెంకు పెట్టడానికి కవరు అడిగాడు. సురేందర్ తన కట్టలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. అన్ని కవర్లు ఎందుకని ముసల్లం అడగకముందే దూరం జరిగాడు.

ముసల్లం గుమ్మం బయటికి వెళ్లి ఆఫీసర్‌తో ఫోన్‌లో మాట్లాడాడు. వీరబ్రహ్మానికి అందులో రెండు మాటలు అర్థమయ్యాయి. ఒకటి సయ్యారా, అంటే బండి. రెండోది షుర్తా, అంటే పోలీసు. షుర్తా అనే మాట రెండుసార్లు వచ్చింది. రెండోసారి ముందు ‘లా’ అని ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు. ఉంటే పోలీసు వద్దని అర్థం.

వచ్చాక ముసల్లం అతన్ని పక్కకు తీసుకెళ్లాడు.

"దొంగతనం కాదు కాబట్టి పోలీసు లేదు. కానీ పెంకు కదిలింది. డ్రైవర్, గైడు లైసెన్సు లేకుండానే గైడు పని చేశాడని, మనుషుల్ని వదిలి పోయాడని రాస్తారు. రెండూ నిజమే. నువ్వు ఈ గేటులోకి ఇక రాకూడదు. మీ కంపెనీకి ఫోన్ చేస్తారు."

"ఆమె?"

"ఏ ఆమె? నేను పేరు అడగలేదు."

ముసల్లం వీరబ్రహ్మం రెసిడెంట్ కార్డుకు, వ్యాన్ నంబర్‌కు ఫొటోలు తీసుకున్నాడు. కంకర రాళ్లు నాలుగూ అతని చేతిలో పెట్టి పార్కింగ్‌లో వెయ్యమన్నాడు. వీరబ్రహ్మం వేశాడు.

వ్యాన్ కదిలాక పెంచలమ్మ వెనక సీటు నుంచి అడిగింది. తన దొంతి ఆ మనిషి పడగొట్టేశాడా అని. ఆమెకు పోలీసు సంగతి తెలియదు, గేటు సంగతి తెలియదు. ఫర్జానా చెప్పలేదు. పేర్చింది పడిపోతే ఇంటికి మంచిది కాదని మాత్రం ఆమెకు తెలుసు.

"పడగొట్టలేదమ్మా. ఒక్కొక్కటే దించినాడు," అన్నాడు వీరబ్రహ్మం. "పైన పెట్టినావే, దాన్ని కవర్లో పెట్టి లోపల భద్రం చేసుకున్యాడు."

"అట్లనా," అంది ఆమె. కాసేపటికి, "అయితే పర్వాల్యా," అంది.

అందులో అబద్ధం లేదు. అయినా అతను అద్దంలోకి చూడలేదు.

సురేందర్ ముందు సీట్లోకి రాలేదు. ఆఖరి వరసలో ఇస్తారి సీట్లో కూర్చుని, బ్యాగు రెండు కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఇస్తారిని ముందుకు పంపాడు. కొంతదూరం పోయాక ఇస్తారి, పిల్లగాడు ఎందుకు అలిగాడని అడిగాడు. తనదే తప్పన్నాడు వీరబ్రహ్మం.

మర్నాడు శనివారం, తిరుగు ప్రయాణంలో, తుమ్రైత్ పెట్రోల్ బంకు దగ్గర ముదీర్ ఫోన్ చేశాడు. జనం టీకి దిగారు. వీరబ్రహ్మం వ్యాన్ నీడలో నిలబడి విన్నాడు. ముదీర్ అరవలేదు. గుడిలో ఎవరు పట్టుబడ్డారని అడిగాడు. ఎవరూ పట్టుబడలేదు, తప్పు తనదని వీరబ్రహ్మం చెప్పాడు. ఎవరినో దాస్తున్నావని ముదీర్ అన్నాడు. వీరబ్రహ్మం తప్పు తనదేనని మళ్లీ చెప్పాడు. ముదీర్ తను చెప్పాల్సింది చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఫర్జానా రెండు టీలు పట్టుకుని వచ్చింది. ఒకటి అతనికి ఇచ్చింది.

"వీసా?" అంది.

"ఉంటాది. సలాలా ట్రిప్పు ఇంక నాకు ల్యాదు. రేపటి నుంచి అల్ సువైక్‌లో డ్యూటీ. ఖర్జూరం తోటలకు మనుషుల్ని దింపేది."

ఫర్జానా తన మేడమ్‌తో చెప్పి ఫోన్ చేయిస్తానంది, జరిగింది చెబితే ముదీర్ వింటాడేమోనంది. వద్దన్నాడు. ఫోన్ చేయిస్తే మొదట అడిగేది పెట్టినవాళ్ల పేరే. ఆమె సరేనంది.

"ఆ తోటల్లో చూపించేదానికి ఏమైనా ఉండాయా భాయ్?"

"ఏం ల్యావు. పొద్దున దింపేది, సాయంత్రం ఎక్కించుకునేది."

అతను టీ తాగి హారన్ కొట్టాడు. జనం ఎక్కారు. సురేందర్ ఆఖరున ఎక్కి, వెనక్కి వెళ్లాడు. వెళ్తూ కవర్లోని మొక్క మీద సీసాలో మిగిలిన నీళ్లు పోశాడు. ఇస్తారి ముందు సీట్లో సర్దుకుని, తలుపు వేసి, తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. మస్కట్ ఇంకా తొమ్మిది గంటల దారి.